కంప మోపు

మా చిన్నప్పుడు బస్సులు బొగ్గుతో నడిచేవి... యుద్ధం రోజులు, పెట్రోలు దొరికేది కాదు. బస్సు వెనక బొగ్గుపొయ్యి ఒకటి తగిలించుకుని, తిరుపతి నుంచి మూలుగుతూ మా భాకరాపేట కనుమ ఎక్కేది. ఆ బొగ్గంతా మా అడవిదే.

మా నాయన బొగ్గు బట్టీలకు కట్టె కొట్టే గొడ్డలి పనివాడు, కూలి రాగులు. అంత పనివాడు ఆ చుట్టుపక్కల లేడు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్న మాట. మద్ది గానీ చండ్ర గానీ, ఆకు రాలాకే నరికేవాడు. మోకాలెత్తు మొద్దు వదిలి, వాన నీళ్లు నిలవకుండా ఏటవాలుగా కొట్టేవాడు. తొలకరికి ముళ్లకంప మోపు భుజాన వేసుకుని వెళ్లి, మేకలు చిగురు కొరకకుండా మొద్దుల చుట్టూ పరిచేవాడు... కూలి లేని పని అది. నేనూ వెనకే పోయేవాణ్ణి.

"సూడు రా, నీ కొడుకుల కాలానికి ఇది మళ్లీ మానయితాది" అనేవాడు.

ఒక ఏడు బొగ్గు చాల్లేదు. బట్టీల మేస్త్రీ వచ్చి, మొద్దులు కూడా వేళ్లతో సహా పెకలించమన్నాడు.

"వేరు తీస్తే ఆడ ఇంకేముంటాదప్పా?" అన్నాడు నాయన.

"మీ అబ్బ నాటినాడా ఈ అడివి? తవ్వితే రాగులు, లేదంటే ఇంటికి పో!"

నాయన ఇంటికే వచ్చేశాడు.

ఇంట్లో రాగులు అయిపోయాయి. అమ్మ అడవి గడ్డలు ఉడకేసింది. ఆ చేదు మింగలేక మా చెల్లెలు ఉమ్మేసింది... తెల్లారి నాయన గడ్డపార తీసుకున్నాడు. తను కొట్టిన మొద్దులను తనే తవ్వాడు.

యుద్ధం ముగిసింది. బస్సులకు మళ్లీ పెట్రోలు వచ్చింది.

తొలకరి పడగానే నాయన అలవాటుగా కంప మోపు కట్టుకుని గుట్టకు పోయాడు. పొద్దుగూకే వేళకు తిరిగి వచ్చాడు... మోపు విప్పనే లేదు, భుజం మీదే ఉంది.

"ఏమయ్యా, కంప మళ్లీ తెచ్చినావే?" అంది అమ్మ.

"పొయ్యిలో పెట్టుకో" అన్నాడు.

ఆ తర్వాత ఆయన గొడ్డలి పట్టగా నేను చూడలేదు.

ఇప్పుడు ఆ గుట్ట మీద బండలు, బోదగడ్డి... బస్సులో పోతూ నేను అటే చూస్తుంటే "ఆడ ఏముండాది తాతా?" అంటారు మనవళ్లు.

మీ వైపు, నరికిన మొద్దు చుట్టూ కంప పరిచినవాళ్లు ఎవరైనా ఉండేవాళ్లా? ఉంటే రాయండి... మా నాయన ఒక్కడే కాదని తెలిస్తే చాలు.