‘కొంచెం’ అని రాసిన డబ్బీ

వికారాబాద్ జిల్లా అయిన మరుసటి చలికాలం. తాండూరుకు ఆనుకొని ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నన్ను ఫార్మసిస్టుగా బదిలీ చేశారు. హోదా గ్రేడ్ టూ. అంటే డాక్టరు రాసిన మందు ఇవ్వవచ్చు, రాయనిది ఇవ్వకూడదు. మందుల గది తాళంచెవి నడుముకు కట్టుకోవచ్చు, లోపల ఉన్నది మాత్రం మనదనుకోకూడదు. ఆ గది ఎంత ఇరుకంటే, దగ్గుమందు సీసా అందుకోవాలంటే ముందు జ్వరం మాత్రల పెట్టెను బయటికి పంపి, ఆ ఖాళీలోకి నేను దూరాలి. నేను ఏదైనా పెంచి చెబుతానని మా ఆయన ఫిర్యాదు. ఇది మాత్రం కొలిచి చెబుతున్నాను.

గదికీ జనానికీ మధ్య ఒక కిటికీ, దాని అడుగున అర్ధచంద్రంలా కోసిన బొక్క. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ప్రజలను నేను అలాంటి బొక్కల్లోంచే చూశాను, అంటే మోచేతి దాకానే చూశాను. ముఖం చూపిస్తే ఎవరో తెలియదు. చెయ్యి చూపిస్తే మాత్రం పుట్టుపూర్వోత్తరాలు చెప్పేదాన్ని. సున్నం పూసినట్టు తెల్లబడినవి నాపరాళ్లకు పాలిష్ పట్టే చేతులు. గీతల్లో పసుపు ఇంకినవి పప్పు మిల్లులో పనిచేసే ఆడవాళ్లవి. బూడిద రంగువి కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ బస్సు దిగి వచ్చినవి.

ఒకరోజు ఆ బొక్కలోంచి ఒక మేజోడు వచ్చింది. మగవాళ్ల బూట్లలోకి వేసుకునే నల్ల మేజోడు. దాని లోపల ఏడు నెలల పిల్ల చెయ్యి ఉంది. గోక్కుని రక్తం తెచ్చుకోకుండా తొడిగారట. తీసి చూస్తే మణికట్టు చుట్టూ ఎర్రగా కమిలి, పగుళ్లు బారి, నీరు కారుతోంది. మోచేతి మడతల్లోనూ, చెంపల మీదా అంతే.

పిల్ల పేరు మనస్విని. పేరు పిల్లకంటే పొడుగు. తల్లి మంజుల, కొడంగల్ ఆడపడుచు, ఇక్కడి పాలిషింగ్ యూనిట్లో పనిచేసే అతనికి ఇచ్చారు. పక్కనే అత్త సాయమ్మ. పప్పు మిల్లులో ఇరవై ఏళ్లుగా చెరిగి, జల్లెడ పట్టి, మిల్లు యజమాని కూడా లేచి నిలబడేంత అనుభవం సంపాదించిన మనిషి.

“మూడోసారి మేడం వచ్చుడు. గీ మందు పని జేస్తలేదు,” అంది మంజుల.

“మందు ఏం జేస్తది? పాలల్లనే ఉన్నది రోగం,” అంది సాయమ్మ. “వంకాయ బంద్ జేయిచ్చిన. గుడ్డు బంద్ జేయిచ్చిన. పప్పు గూడ బంద్. ఇంకో రెండు వారాలు జూస్త. తగ్గకుంటే ఆ పాలే బంద్ జేసి డబ్బా పాలు పట్టిస్త. గంతే.”

తాండూరులో పప్పు బంద్ అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియకపోవచ్చు. ఇక్కడి గాలిలో కందిపప్పు ఉంటుంది. అత్త మిల్లు నుంచి వస్తే చీర దులిపినా ఒక పూటకు సరిపడా రాలుతుంది. అలాంటి ఇంట్లో పాలిచ్చే కోడలు రెండు నెలలుగా అన్నంలో కారం, వెల్లుల్లి కలుపుకొని తింటోంది. మంజుల చెయ్యి గాజులోంచి జారిపోయేలా ఉంది. ఆ గాజు మోచేతి దాకా పోయి వస్తోంది. ఇది కూడా పెంచి చెప్పడం లేదు.

నేను కొంచెం కటువుగానే, ఇచ్చిన డబ్బీ చూపించమన్నాను. మందు మింగకుండా పని చేయలేదనే వాళ్లను పట్టుకోవడంలో నాకు జిల్లా స్థాయి పేరు ఉంది. సాయమ్మ కొంగుముడి విప్పి డబ్బీ తీసింది. మేం ఇచ్చేది తెల్ల పారఫిన్ జెల్లీ. ఈ జబ్బు పేరు ఎగ్జిమా, ఇది ఉన్న పిల్లల చర్మం తేమను నిలుపుకోలేదు, చిల్లు కుండలాంటిది. ఈ జెల్లీ ఆ చిల్లులు పూడ్చి తేమను లోపలే ఆపుతుంది. మాకు అరకిలో డబ్బాల్లో వచ్చేది. దాన్ని గరిటెతో బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బీల్లోకి ఎత్తి పంచేవాళ్లం.

మూడు వారాల కింద ఇచ్చిన డబ్బీ దాదాపు నిండుగా ఉంది. పైన ఉంగరపు వేలి కొసతో తీసిన చిన్న చిన్న గుంటలు, వరసగా.

“వాడలేదు కదా,” అన్నాను, గెలిచిన గొంతుతో.

“వాడకపోవుడేంది?” సాయమ్మ డబ్బీని తిప్పి, దాని మీది చీటీని నా ముక్కు దగ్గర పెట్టింది. “సదువుకున్నోళ్లు మీరే రాసిండ్రు. ‘కొంచెం రాయాలి’ అని. నేను జర గూడ ఎక్కువ పెట్టలే. దినాం ఒక్క బొట్టు లెక్క, పుండు మీద్నే. మందు ఎక్కువైతే పడదని మీరే చెప్తరు గద.”

చీటీ మీద ఉన్నది నా చేతిరాతే. ముత్యాల్లాంటి అక్షరాలని మా పాత డాక్టరు మెచ్చుకున్న చేతిరాత.

డాక్టరు చీటీ తీసి చూశాను. అందులో ‘లిబరల్‌గా’, అంటే ధారాళంగా, ‘ఒళ్లంతా, రోజుకు రెండుసార్లు’ అని స్పష్టంగా ఉంది. దాన్ని నేను తెలుగులోకి ‘కొంచెం’ అని మార్చాను. ఒక్క మనస్వినికి కాదు, ఇరవై ఏళ్లుగా అందరికీ అలాగే మారుస్తున్నాను. కారణం ఉంది. మందుల కోసం మూడు నెలలకోసారి వికారాబాద్‌లోని జిల్లా స్టోరుకు పంపే జాబితాను ఇండెంటు అంటారు. కిందటి మూడు నెలల్లో ఎంత ఖర్చయిందో దాన్ని బట్టే రాబోయే మూడు నెలలకు ఇస్తారు. తక్కువ వాడితే తక్కువ వస్తుంది. తక్కువ వచ్చింది కాబట్టి తక్కువ ఇస్తాం. ఈ గానుగలో ఎద్దును నేనే, గంతలు కట్టుకున్నదీ నేనే.

తాళం వేసి, కిటికీ వదిలి బయటికి వచ్చాను. పని వేళల్లో ఫార్మసిస్టు కిటికీ వదలడం నిబంధనలకు విరుద్ధం. ముగ్గురినీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. మా వైద్యాధికారి అప్పుడే కొలువులో చేరిన కుర్రవాడు. నన్ను చూసినా, సాయమ్మను చూసినా లేచి నిలబడేవాడు. పాపం, ఇద్దరం ఒకేసారి వచ్చేసరికి కూర్చోవడం మరిచిపోయాడు.

నిలబడే ఆయన అంతా విడమరిచి చెప్పాడు. ఇది గజ్జి కాదు, అంటుకోదు. తల్లి పాలవల్ల వచ్చింది కాదు, పాలు మానిపించకూడదు. పరీక్షించకుండా తల్లి తిండి కోయడం వల్ల తల్లి చిక్కిపోవడం తప్ప లాభం లేదు. ఇది వస్తూ పోతూ ఉంటుంది, చాలామంది పిల్లలకు పెరిగేకొద్దీ నెమ్మదిస్తుంది. బాగా ఎర్రబడిన చోట మాత్రం తక్కువ శక్తి గల స్టెరాయిడ్ పూత, తాను చెప్పినన్ని రోజులే. ఎవరో చెప్పారని మందుల దుకాణంలో గట్టి పూతలు కొని పసిపిల్లకు రాయకూడదు. చీము పట్టినా, జ్వరం వచ్చినా వెంటనే తీసుకురావాలి. ఇక జెల్లీ వారానికి పావుకిలో దాకా పట్టవచ్చు.

“పావుకిలోనా?” అంది సాయమ్మ. “పిల్లకు రాయాల్నా, బండి ఇరుసుకు రాయాల్నా?”

నిజానికి నేనూ అదే అనబోయాను.

తర్వాత స్నానం సంగతి వచ్చింది. సాయమ్మ పిల్లను కాళ్ల మీద పండబెట్టి, పొగలు కక్కే నీళ్లు పోసి, నలుగుపిండితో అరగంట రుద్దుతుందట. ఎర్రగా అయితేనే మురికి పోయినట్టు. ఆ తర్వాత సాంబ్రాణి పొగ. ఆ స్నానం గురించి ఆమె చెబుతుంటే నాకే ఒంటి మీద తోలు కదిలింది. డాక్టరు వద్దన్నాడు. ఆమె వినలేదు. తన ముగ్గురు పిల్లలనూ అట్లనే పెంచానంది. డాక్టరు చర్మం పొరల గురించి చెప్పాడు, ఆమె గోడ మీది బల్లిని చూసింది.

నాకు ఆమె చేతులు కనిపించాయి. గీతల్లో ఇంకిన పసుపు.

“సాయమ్మా, పొట్టుతోని ఉన్న కంది ఎన్నాళ్లు నిలువుంటది?” అని అడిగాను.

“ఏడాది పెట్టు, ఏం గాదు.”

“పొట్టు తీసిన పప్పు?”

“ఊకె పెడితే పురుగు వడుతది. ఆముదం పట్టియ్యాలె.”

“సంచికి ఎంత? ఒక బొట్టు చాలదా?”

ఆమె నన్ను జాలిగా చూసింది. “మేడం, మీరు పప్పు వండుకుంటరు గంతే. బొట్టు ఏడికొస్తది? గింజ గింజకు తగలాలె. ఒక్క గింజ ఇడిసినా పురుగు ఆడికెల్లే మొదలైతది.”

ఆ మాట అంటూనే ఆమె పిల్ల వైపు చూసింది. మేజోడు తీసి, మణికట్టును వేలితో తాకింది. తాను రోజూ రుద్ది తీస్తున్నది పొట్టు అని ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన పని లేకపోయింది.

“గట్లయితే,” అంది చివరికి, “గీ డబ్బీతోని మీరు ఇన్నొద్దులు ఎవరి కండ్లల్ల మన్ను గొట్టిండ్రు మేడం?”

మందుల గదికి వెళ్లి, అరకిలో డబ్బాను సీలు తీయకుండా తెచ్చి మంజుల చేతిలో పెట్టాను. డాక్టరు నిలబడే సంతకం చేశాడు. అంత పెద్ద డబ్బాను ఒక్క పేరు మీద ఇవ్వడం ఆ కేంద్రం పుట్టాక అదే మొదటిసారి.

సాయమ్మ షరతు పెట్టింది. “రెండు వారాలు మీ మాట. తగ్గకుంటే నా మాట. పాలు బంద్.”

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఫార్మసిస్టు ఇళ్లకు పోవాలని ఏ ఉత్తర్వులోనూ లేదు, పోకూడదనీ లేదు. నీళ్లు మోచేతితో చూసి గోరువెచ్చగానే ఉంచాం. అయిదు నిమిషాల్లో స్నానం ముగించాం. నలుగు లేదు, నురగ సబ్బు లేదు. మెత్తని పాత ధోవతితో అద్ది, తడి పూర్తిగా ఆరకముందే నెత్తి నుంచి అరికాలి దాకా జెల్లీ పట్టించాం. మనస్విని వెన్నముద్దలా జారి మూడుసార్లు నా ఒళ్లోంచి పారిపోయింది. అందుకే నేల మీద కూర్చునే రాయాలి. జెల్లీ ఇంకిన బట్టలకు నిప్పు తొందరగా అంటుకుంటుంది కాబట్టి సాంబ్రాణి కుంపటిని సాయమ్మే గల్లీలోకి విసిరేసింది. రాళ్ల దుమ్ముతో వచ్చిన తండ్రిని గడపలోనే ఆపి, స్నానం చేసి రమ్మంది. బిడ్డను ముట్టుకోవడానికి వీసా కావాలేమోనని అతను గొణిగాడు.

రెండు వారాలు గడిచాయి. కిటికీ బొక్కలోంచి ఒక చిన్న చెయ్యి వచ్చి నా కలం లాక్కుంది. మేజోడు లేదు. మణికట్టు మీద గరుకు ఉంది, మచ్చ ఉంది, పగులు మాత్రం లేదు. పిల్ల పొద్దుగూకితే పండుకుంటోందనీ, తానూ పండుకుంటున్నాననీ మంజుల చెప్పింది. సాయమ్మ ఖాళీ డబ్బా బల్ల మీద పెట్టి, ఇంకోటి ఇవ్వమంది. పాల మాట ఎత్తలేదు. నేనే ఎత్తాను.

“తాగనీ,” అంది. “నిన్న పప్పుచారు గూడ పోసిన కోడలికి. రెండు నెలల ఉపాసం ఒక్క పూటల దీర్చుకున్నది.”

అయితే గల్లీకి నోరుంటుంది. తర్వాతి వారం కిటికీ ముందు నిలబడ్డ తల్లులందరూ ‘మనస్విని డబ్బా’ అడిగారు. డాక్టరు చూసి రాసిన ప్రతి పిల్లకూ ఇచ్చాను. మూడు నెలలకని వచ్చిన జెల్లీ మూడు వారాల్లో దాదాపు అయిపోయింది. వికారాబాద్ నుంచి మెమో వచ్చింది. ఇంత అధిక వినియోగానికి కారణం మూడు రోజుల్లో తెలపాలి, అంతవరకు ఒక్కో పిల్లకు ఒక చిన్న డబ్బీకి మించి ఇవ్వరాదు.

చిన్న డబ్బీ అంటే మళ్లీ బొట్టు. మళ్లీ బొట్టంటే పగుళ్లు, ఆ తర్వాత సాయమ్మ మాట. మందుల గదిలో మిగిలిన ఆఖరి డబ్బాను ముందు మంజులకు ఇచ్చి, తర్వాత మెమోకు జవాబు రాశాను. అందులో ఒక పేరా ఇప్పటికీ నాకు నోటికి వస్తుంది: ‘తమరు ఇంత ఎందుకు ఖర్చయిందని అడిగారు. ఇరవై ఏళ్లుగా ఎందుకు ఖర్చు కాలేదని అడగవలసింది. ఆ ప్రశ్నకు బాధ్యురాలిని నేనే. డాక్టరు రాసిన మోతాదును నేను తగ్గించి ఇచ్చాను. ఇకమీదట తగ్గించను.’

జవాబును తపాలాలో వేయలేదు. బస్సెక్కి వికారాబాద్ పోయి, స్టోరు అధికారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, “ఏందమ్మా గిది? ఊరంత పూసుకుంటున్నదా?” అన్నాడు. ఊరంతా కాదు, పిల్లలే, కాకపోతే ఒళ్లంతా అన్నాను. నిబంధన తెలుసా అని అడిగాడు. చీటీలో ఉన్న మోతాదు ఇవ్వడమే మొదటి నిబంధన అన్నాను. సాయమ్మ దగ్గర అడిగి తెచ్చుకున్న పాత డబ్బీని, వరస గుంటలతో సహా, ఆయన ముందు పెట్టాను. వృథా అయిన మందు ఇది, వాడింది కాదు అన్నాను. ఆయన దాన్ని చాలాసేపు తిప్పి చూశాడు.

చివరికి ఒక చేత్తో పెరిగిన ఇండెంటును మంజూరు చేశాడు. ఇంకో చేత్తో, అనుమతి లేకుండా పరిమితి దాటినందుకు నాకు లిఖితపూర్వక మందలింపు ఇచ్చాడు. అది నా సర్వీసు పుస్తకంలో ఉంది. తీసేయించుకోవడానికి అప్పీలు చేయవచ్చని తోటివాళ్లు చెప్పారు. చేయలేదు. మూడేళ్ల కింద స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నప్పుడు గుమాస్తా దాన్ని చదివి, ఎందుకు ఉంచుకున్నారని అడిగాడు. అప్పీలు చేయాలంటే తప్పు చేయలేదని రాయాలి. పరిమితి దాటిన మాట నిజమే, మళ్లీ దాటిన మాట కూడా నిజమే.

ఆ తర్వాత పనిచేసినన్నాళ్లు ఏ డబ్బా మీదా ‘కొంచెం’ అని రాయలేదు. ఎంత రాయాలో చేత్తో తీసి చూపించి, తల్లి చేత కూడా తీయించి, అప్పుడు పంపేదాన్ని. తక్కువ ఇచ్చిన మందు పని చేయదు. పని చేయలేదన్న నింద ఫార్మసిస్టు మీద పడదు, తల్లి పాల మీద పడుతుంది.