మాస్టారి జర్మన్ బొమ్మ

మా డ్రాయింగ్ మాస్టారు పోయారు. కెనడాలో, మిస్సిసాగాలో ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో పదకొండేళ్ళపాటు ఆదివారాలు బొమ్మలు నేర్చుకున్నాను. కబురు వాట్సాప్ గ్రూపులో, ఎవరిదో పాత సోఫా అమ్మకం ప్రకటన కింద వచ్చింది. దండాల గుర్తులు వరసగా పడ్డాయి. పెట్టినవాళ్ళలో సగంమంది ఆయన్ని పిచ్చాయన అన్నవాళ్ళే.

వాళ్ళచేత ఆ మాట అనిపించింది ఆయనింట్లో మెట్ల దగ్గర గోడకున్న ఒక బొమ్మ. మాస్టారు జర్మనీలో పనిచేసిన రోజుల్లో పక్కవాటా చిత్రకారిణి ఇచ్చిందట. దళసరి కాగితం మీద బొగ్గు గీతలు, వాటిపైన పల్చగా పూసిన మైనం, మైనంలో కాఫీ పిప్పి, మధ్యలో సూదితో కుట్టిన నల్లదారం. నాకు కొన్నాళ్ళు నడుం వంచిన మనిషిలా కనబడేది, కొన్నాళ్ళు వానలా. భోజనానికి వచ్చినవాళ్ళకు మాత్రం నవ్వొచ్చేది. మూడు కార్ల గ్యారేజీ ఉన్న పెద్దమనిషి ఒకాయన, "మావాడు కిండర్‌గార్టెన్‌లో ఇంతకంటే నీట్‌గా వేశాడండీ" అన్నాడు.

"అయితే వాణ్ణి పంపండి. మీరు రాకపోయినా ఫరవాలేదు" అన్నారు మాస్టారు, పప్పు వడ్డిస్తూనే.

క్లాసులో రబ్బరు ముట్టుకోనిచ్చేవారు కాదు. "తప్పు గీతని ఉండనీవయ్యా. పక్కనే సరైంది గియ్యి. రెండూ కనబడాలి" అనేవారు. నా చేతకానితనాన్ని అంత మర్యాదగా చూసినవారు ఇంకొకరు లేరు.

చివరి రోజుల్లో హాస్పిటల్లో నా చెయ్యి పట్టుకుని, "ఆ బొమ్మ నువ్వుంచుకో. అద్దం మాత్రం వేయించకు. దానికి గాలి తగలాలి" అన్నారు.

నేనేం చేశాను? సంతాపసభలో నలుగురూ చూడాలని, నాకే ఇచ్చారని తెలియాలని, మా తెలుగు సంఘం కార్యదర్శి చేతికిచ్చాను. అతను దాన్ని లామినేట్ చేయించాడు. డిగ్రీలూ మార్కుల షీట్లూ ప్లాస్టిక్‌లో పెడితే తప్ప నిద్రపట్టని జాతి మాది.

"పాడవకుండా చేయించానండీ, సార్ మీద రెస్పెక్ట్‌తో" అన్నాడు. వేడికి మైనం కరిగి అంచులదాకా పాకింది. సభలో జనం దాని పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నారు. ఇప్పుడు బావుందన్నారు. ఆ కార్యదర్శిని అసహ్యించుకుందామని చూశాను. నాకంటే అతనే నయం, అతనికి మాస్టారు ఏదీ అప్పగించలేదు.

ఇంటికొచ్చి మూల పట్టుకుని ప్లాస్టిక్ లాగాను. మైనంతోపాటు గీతలు కూడా దానికే అంటుకుని వచ్చేశాయి. కాగితం మీద ఆ నల్లదారం కుట్టు ఒక్కటే మిగిలింది, చుట్టూ ఏమీ లేకుండా.