మానిటర్ లేని కంప్యూటర్

2021 చివరి నెలలు. కోవిడ్ రెండో విడత సద్దుమణిగి రాజమండ్రి మెయిన్ రోడ్డు మళ్లీ జనంతో నిండుతున్న రోజులు. ఆ రోడ్డు వెనక వీధిలో నాకొక చిన్న కంప్యూటర్ సర్వీసు షాపు ఉంది. అమ్మకాలు తక్కువ, రిపేర్లు ఎక్కువ. స్కూళ్లు, క్లినిక్కులు, ఎరువుల కొట్లు, చేపల చెరువుల వాళ్ల ఆఫీసులు నాకు పని ఇస్తుంటాయి. ఇరవై ఏళ్లుగా ఇదే వృత్తి. బాగుచేసిన మిషన్లలో చాలావాటిని పేరు చెప్పినా గుర్తుపట్టలేను. సత్యవేణి గారి మిషన్ మాత్రం ఏ స్క్రూ ఎక్కడుందో ఇప్పటికీ చెప్పగలను.

ఆవిడ ఓ మధ్యాహ్నం భర్త వీర్రాజు గారి మోచెయ్యి పట్టుకుని షాపు మెట్లెక్కి వచ్చారు. ముప్పై అయిదేళ్లుంటాయేమో. పుట్టుకతోనే చూపు లేదు. వాళ్లది కోనసీమలో గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంక గ్రామం. వీర్రాజు గారు కొబ్బరికాయల వ్యాపారం చేస్తారు. కుర్చీలో కూర్చోగానే ఆవిడ సూటిగా విషయంలోకి వచ్చారు.

"డెస్క్‌టాప్ కావాలండి. సెకండ్ హ్యాండ్‌దైనా పర్లేదు. మానిటర్ మాత్రం వద్దండి."

"మానిటర్ లేకుండా ఎలాగండీ?" అన్నాను అలవాటు కొద్దీ.

"అది నాకెందుకండీ? దాని బదులు మంచి కీబోర్డు, చెవి నొప్పెట్టని హెడ్‌ఫోన్సు ఇప్పించండి," అన్నారు నవ్వుతూ.

ఆవిడ చేసేది ట్రాన్స్‌క్రిప్షన్. డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసిన మాటలు విని ఇంగ్లీషులో టైపు చేసి పంపే పని. అప్పటివరకు ఒక పాత ల్యాప్‌టాప్ మీద స్క్రీన్ రీడర్ పెట్టుకుని చేస్తున్నారు. స్క్రీన్ రీడర్ అంటే తెర మీద ఉన్నదంతా పైకి చదివి వినిపించే ప్రోగ్రాం. అయితే మామూలు కంప్యూటర్ తెర కళ్లున్నవాళ్ల కోసం తయారైంది. ఎక్కడో మూల ఒక బొమ్మ, ఇంకోచోట ఒక మెనూ, మధ్యలో అడక్కుండా వచ్చిపడే ప్రకటన. వాటన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి వింటూ కావలసిన చోటికి చేరడానికే ఆవిడకి సగం పొద్దు గడిచిపోయేది.

"అన్నీ మాటలతోనే జరిగే పద్ధతొకటి ఉందంట కదండీ. హాస్టల్లో నాతో చదువుకున్న ఒకావిడ చెప్పింది. అది పెట్టివ్వగలరా?" అని అడిగారు.

ఆవిడ అడిగింది కమాండ్ లైన్. మౌస్ ఉండదు, బొమ్మలుండవు. చేయవలసిన పనిని ఒక వరుసలో టైపు చేసి ఎంటర్ నొక్కితే కంప్యూటర్ చేస్తుంది, జవాబు కూడా అక్షరాల్లోనే ఇస్తుంది. మా వాళ్లు రిపేర్లప్పుడు తప్ప దాని జోలికి వెళ్లరు. రోజంతా అందులోనే పనిచేస్తానన్న మనిషిని నేను మొదటిసారి చూశాను.

ఒక పాత డెస్క్‌టాప్‌కి విండోస్ బదులు లైనక్స్ ఎక్కించి, బొమ్మల తెర అసలు లేకుండా చేసి, ఆన్ చేసిన దగ్గర్నుంచీ మాట్లాడేలా అమర్చాను. ఆవిడ తరచూ చేసే పనులకి పొట్టి ఆదేశాలు తయారుచేశాం. రెండక్షరాలు కొడితే ఆ రోజు ఆడియో మొదలవుతుంది, ఇంకో రెండు కొడితే కాస్త వెనక్కి వెళ్లి మళ్లీ వినిపిస్తుంది. గొంతు వేగం పెంచమన్నారు. పెంచాను. ఇంకా పెంచమన్నారు. చివరికి ఆ గొంతు పలికేది నా చెవికి వాన చప్పుడులా తప్ప మాటల్లా వినిపించలేదు. ఆవిడ మాత్రం తాపీగా, "ఆఁ, ఇప్పుడు బాగుందండి," అన్నారు.

మర్నాటి నుంచి కొన్ని మధ్యాహ్నాలు షాపులోనే కూర్చుని కమాండ్లు నేర్చుకున్నారు. ఒకరోజు ఆదేశాలను జోడించడం చూపించాను. రెండు ఆదేశాల మధ్య ఒక గుర్తు పెడితే మొదటి పని సవ్యంగా అయితేనే రెండోది జరుగుతుంది. ఇంకో గుర్తు పెడితే మొదటిది చెడితేనే రెండోది జరుగుతుంది. ఆవిడ వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"అంటే, పని అయిందా లేదా అని మిషన్నే అడగొచ్చన్నమాట," అన్నారు.

నేను ఎందరికో నేర్పాను. అందులో ప్రశ్న ఉందని అప్పటిదాకా ఎవరూ అనలేదు.

మరుసటి ఏడాది జులైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. లంకలకి దారులన్నీ నీళ్లలో మునిగాయి. పడవల మీద బియ్యం, పాలు, మంచినీళ్లు పంపుతున్నారని పేపర్లో చదువుతున్నాను. ఆ సమయంలో ఒకరోజు ఉదయం సత్యవేణి గారి ఫోన్ వచ్చింది.

"సూరిబాబు గారూ, మిషన్ మాట్లాడట్లేదండి."

విషయమంతా విడమర్చి చెప్పారు. వాళ్ల ఇల్లు మెరక మీద ఉండటంతో లోపలికి నీళ్లు రాలేదు. వీర్రాజు గారు వ్యాపారం పని మీద రావులపాలెం వెళ్లి అటే చిక్కుకుపోయారు. ఇంట్లో ఆవిడా, అత్తగారూ ఉన్నారు. ఊరికి పగటిపూట కాసేపు కరెంటు ఇస్తున్నారు. ముందురోజు కరెంటు పోయి మిషన్ ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది కానీ గొంతు లేదు. హెడ్‌ఫోన్సు ఫోనుకి పెట్టి చూశారు, బాగానే ఉన్నాయి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి చివర్లో చెప్పారు. విశాఖలో ఒక కంపెనీ ఆవిడని పర్మనెంటు ఉద్యోగంలోకి తీసుకోవడానికి పరీక్ష పెట్టింది. మర్నాడు ఉదయం మెయిల్లో ఆడియో వస్తుంది, మధ్యాహ్నంలోగా టైపు చేసి పంపాలి. వరద సంగతి చెప్పి గడువు అడిగితే మళ్లీ ఏడాదికి చూద్దామన్నారట.

"నెట్ ఉందాండీ?" అడిగాను. నెట్ ఉంటే ఇక్కడి నుంచే ఆ మిషన్లోకి వెళ్లి చూడొచ్చు.

"లేదండి. టవర్లో ఫోన్లు మాత్రం కలుస్తున్నాయి. నెట్ సంగతి ఆ గోదారమ్మే చూసుకోవాలి. మిషన్ సంగతి మనం చూసుకుందాం."

వెళ్లడానికి దారి లేదు. తెర ఉంటే అత్తగారో పొరుగువాళ్లో చూసి చెప్పేవారు. ఆ మిషన్‌కి తెరే లేదు. ఇంట్లో ఉన్న పాత టీవీకి మానిటర్ కేబుల్ పట్టదు. గొంతు పోతే ఆ మిషన్లో ఏం జరుగుతోందో తెలుసుకునే మార్గం ఏదీ కనిపించలేదు. ఎవరైనా వరద తగ్గేదాకా ఆగమనే చెబుతారు. నేనూ అదే చెప్పబోయాను.

"పూర్తిగా మూగబోలేదండి," అన్నారావిడ. "నా పేరు, పాస్‌వర్డు గుడ్డిగా కొట్టాను. తర్వాత ఊరికే బ్యాక్‌స్పేస్ నొక్కుతుంటే లోపల్నుంచి బీప్‌మని చిన్న చప్పుడొస్తోంది. వినండి."

ఫోను మిషన్ దగ్గర పెట్టారు. నాకూ వినిపించింది. కేబినెట్ లోపల మదర్‌బోర్డుకి తగిలించి ఉండే బుల్లి స్పీకరది. ఆన్ చేసినప్పుడు ఒక్క బీప్ కొట్టడానికి తప్ప దాన్నెవరూ పట్టించుకోరు. హెడ్‌ఫోన్సుకి శబ్దం పంపే సౌండ్ కార్డుతో దానికి సంబంధం లేదు. చెరపడానికి అక్షరమేదీ లేకపోతే కమాండ్ లైన్ అలా బీప్‌మంటుంది. అంటే ఆవిడ సరిగ్గానే లోపలికి వెళ్లారు. కంప్యూటర్ ఆదేశం కోసం ఎదురుచూస్తోంది.

"మీరు నేర్పిన గుర్తులున్నాయి కదండీ. ఏ ఆదేశం కొట్టినా చివర ఇలా తగిలిస్తాను. పనైతే ఒక బీప్, అవకపోతే రెండు. మీరు అడగాల్సింది చెప్పండి, నేను కొడతాను, ఇద్దరం విందాం," అన్నారు.

నేను షాపు షట్టర్ సగం దించేసి ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాను.

మొదట, గొంతు ప్రోగ్రాం నడుస్తోందా అని అడిగాం. నేను అక్షరం అక్షరం చెబుతున్నాను, ఆవిడ పైకి పలుకుతూ కొడుతున్నారు. రెండు బీప్‌లు వచ్చాయి. ఆవిడ వెంటనే, "ఉండండుండండి, ఎస్ బదులు డీ కొట్టాననుకుంటా. వేలు పక్కకి పోయింది," అని మళ్లీ కొట్టారు. ఒక్క బీప్.

"నడుస్తోందండి!" అన్నాను.

"అంటే మాట్లాడుతూనే ఉంది. మనకే వినబడట్లేదు."

తర్వాత వాల్యూమ్ పూర్తిగా పెంచే ఆదేశం కొట్టాం. ఒక బీప్ వచ్చింది, హెడ్‌ఫోన్సులో మాత్రం నిశ్శబ్దమే. నాకు తోచినవి మరికొన్ని ప్రయత్నించాం. ప్రతిదానికీ అవుననే జవాబు, గొంతు మాత్రం లేదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. వెనక నుంచి అత్తగారి మాట వినిపిస్తోంది, "ముందు కాస్త అన్నం తినమ్మా, చల్లారిపోతంది." "ఇదిగో అత్తయ్యా, వస్తన్నా," అంటూ ఈవిడ కదలట్లేదు.

అప్పుడు ఆవిడే అడిగారు.

"సౌండ్ కార్డులు ఎన్నున్నాయో లెక్కపెట్టించనా అండీ? ఒక్కోదానికి ఒక్కో బీప్ కొట్టమంటాను."

అది నేను నేర్పలేదు. తనంతట తను ఆదేశం అల్లుకుని టైపు చేశారు. తెర లేదు, గొంతు లేదు, కొట్టిన అక్షరాలు తల్లోనే ఉంచుకోవాలి. ఎంటర్ నొక్కారు. ఒక బీప్, కాస్త ఆగి ఇంకో బీప్.

"రెండున్నాయండి," అన్నారు. "మన దగ్గర హెడ్‌ఫోన్సు ఒకటే కదా. రెండోది దేనికండీ?"

ఆ ప్రశ్న వినగానే నాకు విషయం తట్టింది. మొదటి కార్డు పేరులో మానిటర్ కేబుల్ పేరు ఉందేమో అడగమన్నాను. ఒక్క బీప్.

"సత్యవేణి గారూ, అది మానిటర్‌కి శబ్దం పంపే కార్డండి. మొదట్లో అది రెండో స్థానంలో ఉండేది. ఈ మధ్య అప్‌డేట్ వచ్చింది కదా, కరెంటు పోయి మళ్లీ లేచేసరికి వాటి వరస తారుమారైంది. నిన్నట్నుంచి మీ మిషన్ లేని మానిటర్‌తో మాట్లాడుతోంది!"

ఆవిడ పెద్దగా నవ్వేశారు. "అయ్యబాబోయ్! ఇంట్లో నేనుండగా లేనోళ్లతో కబుర్లేంటండీ దానికి!"

రెండో కార్డుకి ఒక చిన్న ఆడియో పంపమన్నాను. కార్డులు సరిచూసుకోవడానికి లైనక్స్‌తోపాటే వచ్చే ఫైలు అది. ఒక ఆడగొంతు రెండే మాటలు పలుకుతుంది. ఆవిడ ఎంటర్ నొక్కారు.

"వినబడిందాండీ?"

"వినబడిందండి," అన్నారు మెల్లగా. ఆ ఆదేశాన్నే మళ్లీ మళ్లీ కొడుతున్న చప్పుడు నాకు వినిపించింది. పొద్దున్నుంచీ అంత ధైర్యంగా మాట్లాడిన మనిషి ఎంత భయాన్ని దిగమింగుకుని కూర్చున్నారో నాకప్పుడు అర్థమైంది.

మళ్లీ వరస మారినా ఇబ్బంది లేకుండా, నంబరుతో కాకుండా కార్డు పేరుతోనే, గొంతు దానికే వెళ్లాలని సెట్టింగుల్లో ఒక వాక్యం రాయించి భద్రపరిచాం. గొంతు ప్రోగ్రాం ఆపి మళ్లీ మొదలుపెట్టాం. ఆవిడ హెడ్‌ఫోన్సు తీసి ఫోనుకి ఆనించారు. ఆ వాన చప్పుడు లాంటి గొంతు గడగడా ఏదో చదువుతోంది. ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ ఎంత బావుందో చెప్పలేను.

మర్నాడు తెల్లారేసరికి టవర్లో నెట్ కాస్త కాస్తగా వచ్చింది. ఆవిడ ఫోను పట్టుకుని డాబా మీదికి వెళ్లి ఆడియో దించుకుని, కిందికొచ్చి కరెంటు ఉన్న కాసేపట్లోనే మిషన్లోకి ఎక్కించి టైపు చేసి, మళ్లీ డాబా ఎక్కి గడువులోగా పంపారు. ఉద్యోగం వచ్చింది. ఆ మాట చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు పక్కనుంచి వీర్రాజు గారు, "కాజాలు పట్టుకొస్తానని చెప్పు," అంటున్నారు. అన్నట్టే తాపేశ్వరం కాజాలు తెచ్చిచ్చారు.

వరద తగ్గాక, పాయ దాటించే పంటు మళ్లీ తిరగడం మొదలయ్యాక, ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. మిషన్ ఒకసారి చూసివద్దామని వెళ్లాను కానీ అందులో నేను చేయాల్సింది ఏమీ మిగల్లేదు. ఆన్ కాగానే కార్డులు రెండింటినీ తడిమి చూసి, గొంతు ఎటు వెళ్తోందో బీప్‌లతో చెప్పేలా ఆవిడే ఒక ఏర్పాటు రాసుకున్నారు. నేను రాసినా అంతకంటే పొందిగ్గా ఉండదు.

కాఫీ తాగుతూ అడిగాను, "ఆ రోజు అంత తొందరలో అన్ని ప్రశ్నలు ఎలా తోచాయండీ మీకు?"

"కొత్త ఊళ్లో బస్టాండు ఎక్కడండీ అని అడిగామనుకోండి, అదిగో అక్కడ అని చెయ్యి చూపిస్తారు. మంచోళ్లే, కానీ ఆ చెయ్యి నాకేం తెలుస్తుందండీ?" అన్నారు. "అందుకని చిన్నప్పట్నుంచీ ఇంకోలా అడగడం అలవాటు. ఇటు నడిస్తే వస్తుందాండీ? రోడ్డు దాటాలాండీ? అవునో కాదో చెప్తే చాలు. ఒక్కొక్కటే అడుక్కుంటూ వెళ్లిపోతాను."

తిరిగి వస్తూ పంటు మీద నిలబడి ఆ మాటే తలచుకున్నాను. ఇరవై ఏళ్లుగా ఎవరు ఫోన్ చేసినా "స్క్రీన్ మీద ఏం కనిపిస్తోంది?" అనే మొదలుపెట్టేవాణ్ణి. కంగారులో ఉన్నవాళ్లకి ఏం కనిపిస్తుంది? ఏమీ రావట్లేదంటారు. అక్కడితో మాట ఆగిపోయేది. సమస్యని అవును, కాదు అని తేల్చగలిగే ప్రశ్నలుగా విడగొట్టుకుంటే, ఏ పరిస్థితిలో ఉన్న మిషనైనా, ఎంత కంగారులో ఉన్న మనిషైనా ఏదో ఒకదానికి జవాబివ్వగలరు.

మొన్న పిఠాపురం నుంచి ఒక పంతులుగారు ఫోన్ చేశారు. "కంప్యూటర్ చచ్చిపోయిందండీ, ఏమీ రావట్లేదు," అన్నారు ఆందోళనగా.

"ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వస్తోందాండీ?" అని అడిగాను.

మిషన్ దగ్గర చెవి పెట్టి విని, "ఆఁ, వస్తోందండి!" అన్నారు.

"అయితే చచ్చిపోలేదండి," అన్నాను. అక్కణ్ణుంచి మొదలుపెట్టాం.