ఫిల్ము మీద నేను చెరిపింది

ఆరేళ్లుగా గుండె మీద ఒక బరువు. ఒక చిన్న అబద్ధం అది. మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు దాచకుండా చెప్పగలను.

అంతకుముందు పెళ్లి ఆల్బమ్‌లు చేసేవాణ్ణి. పెళ్లికూతురి బుగ్గ మీద మొటిమ కనబడితే నా చెయ్యి ఊరుకునేది కాదు. పని తగ్గాక తల్లాడలో ఒక చిన్న ఎక్స్‌రే సెంటర్‌లో చేరాను. ఫిల్మును స్కాన్ చేసి, దాని మీద పేరు, వయసు ఒక్కో లేయర్‌గా, అంటే పొరగా పెట్టి, అన్నీ కలిపేసి డాక్టర్ల కంప్యూటర్లు చదివే డైకామ్ ఫైలుగా మార్చాలి. పట్నంలో డాక్టరు దాన్ని చూసి రిపోర్టు పంపేవాడు. స్కాన్‌లో తెల్లటి దుమ్ము చుక్క కనబడితే ఇంకో లేయర్ వేసి చెరిపేవాణ్ణి. బొమ్మ అద్దంలా ఉందని ఓనరు నలుగురిలో మెచ్చుకునేవాడు. అది నా తలకెక్కింది.

ఏన్కూరు వైపు నుంచి మిర్చి ఏరే ఒకావిడ దగ్గుతో వచ్చింది. ఊపిరితిత్తి పైభాగంలో కందిగింజంత తెల్లటి మచ్చ. దుమ్మే అనుకుని చెరిపి పంపాను. ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. ఆమె చేతికిచ్చాను. ఫిల్మును కవర్లో పెట్టబోతూ అలవాటుగా తుడిచాను. మచ్చ పోలేదు. వెలుతురుకు ఎత్తి చూశాను. అది ఫిల్ములోనే ఉంది.

ఆమె ఇంకా గుమ్మం దాటలేదు.

"నాకేం లేదన్నట్టేనా భాయ్?"

"ఏం లేదక్కా. మిర్చి ఘాటుకు దగ్గొస్తుంది, గంతే. నిమ్మళంగుండు."

నోరెలా వచ్చింది నాకు? ఒక్క నిమిషం ఆగమంటే సరిపోయేది కదా? మచ్చను చెరిపిన ఆ లేయర్ తీసేసి మళ్లీ పంపడానికి పది నిమిషాలు. నౌకరీ పోతుందని భయపడ్డానని ఇన్నాళ్లూ నాకు నేనే సర్ది చెప్పుకున్నాను గానీ, నిజం అది కాదు, మంచి పనిమంతుడన్న పేరు పోతుందని మాట్లాడలేదు.

ఆమె నా మాట నమ్మింది. తర్వాత సంగతి వాళ్ల ఊరి నుంచి ఎక్స్‌రేకు వచ్చేవాళ్లు చెప్పారు. ఇంకో నాలుగు నెలలు మిర్చి చేలల్లోనే దగ్గింది. చివరికి ఖమ్మం దవాఖానాలో టీబీ అన్నారు. అప్పటికే బాగా ముదిరింది. రెండేళ్ల కూతుర్ని తన తల్లి దగ్గర వదిలి నెలల తరబడి మందులు మింగింది. తిరిగొచ్చేసరికి ఆ పిల్ల తల్లి చంక ఎక్కనని ఏడ్చిందట. ఆమె కోలుకుందని తెలిసిన రోజు బండి పక్కకు ఆపి నేనూ ఏడ్చాను. అయినా చెప్పలేదు.

ఆనాటి నుంచి దుమ్మును కూడా చెరపను. ఉన్నది ఉన్నట్టే పంపుతాను. ఓనరు విసుక్కుంటాడు, విసుక్కోనీ. అది చాలనుకున్నాను. చాలలేదు.

మొన్న శుక్రవారం వాళ్లింటికి వెళ్లాను. ఆమె కాస్త ఒళ్లు చేసింది. చిక్కుడు తీగకు పందిరి కడుతోంది. నేను చెప్పిందంతా విని, ఒక్కటే అడిగింది: "నువ్వప్పుడే చెప్తే నా బిడ్డ నన్ను మర్సిపోకపోతుండె గదా?"

"అవ్ అక్కా" అన్నాను.

కూర్చోమనలేదు, పొమ్మనలేదు. బడి నుంచి వచ్చిన కూతురు సంచి పడేసి ఆమె నడుముకు చుట్టుకుంది. నేను బయల్దేరాను. క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు. కానీ ఆ పూట చాలా ఏళ్లకు కడుపునిండా అన్నం తిన్నాను.