ఇంజను పక్కన దగ్గు

మా ఇంట్లో కోడళ్లు గట్టిగా దగ్గకూడదు. ఎవరూ పిలిచి చెప్పిన మాట కాదది. మామ వసారాలో మంచం మీద ఉన్నప్పుడు తుమ్మొచ్చినా సరే, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని దొడ్లోకి పోవాలి. పెళ్లై ఆళ్లగడ్డకు వచ్చిన కొత్తలో అత్తను చూసి నేను నేర్చుకున్నాను. నా తర్వాత ఉయ్యాలవాడ నుంచి వచ్చిన తోడికోడలు నాకన్నా బాగా నేర్చుకుంది. ఆమెకు దగ్గొస్తే భుజాలు కదిలేవి, చప్పుడు మాత్రం బయటికి వచ్చేది కాదు.

డెబ్బైల చివర్లో ఒక వానాకాలం ఆమెకు పట్టుకున్న దగ్గు శనగ విత్తే వేళకు కూడా పోలేదు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. గాజులు మోచేతి దాకా జారేవి. రోట్లో జొన్నలు దంచుతూ దంచుతూ రోకలి గోడకు ఆనించి నిలబడిపోయేది. అత్తకు అది నచ్చేది కాదు. అత్త చెడ్డ మనిషి కాదు. జ్వరంతోనే కోతకు పోయిన మనిషి. జ్వరం వస్తే పని మానుకోవచ్చని ఆమెకు ఎప్పుడూ తట్టలేదు, అంతే.

ఆళ్లగడ్డ డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విని, టీబీ అనుమానం ఉంది, నంద్యాలకు పోయి కఫం పరీక్ష చేయించుకొని రమ్మన్నాడు. కఫంలో పురుగు కనబడితే సూదులు, మాత్రలు మొదలుపెడతానన్నాడు. కనబడకపోతే ఏమిటని మరిది అడిగితే, అప్పుడు చూద్దామన్నాడు.

మరిది పెండ్లాన్ని తీసుకుపోయాడు. తర్వాత పోయి చీటీ తెచ్చాడు. పురుగు లేదని రాసి ఉంది. అత్త ఆ చీటీని నా చేత చదివించుకుంది. నాది మూడో తరగతి చదువు, ఆసుపత్రి వాళ్ల రాత కూడబలుక్కొని చదివేసరికి ఆమెకు ఓపిక పోయింది.

"ఏమీ లేదంట గదా. ఏమీ లేనిదానికి ఆ దగ్గు ఎందుకు మే?" అంది చిన్నకోడలితో.

 డాక్టరు మాత్రం ఆ చీటీని ఒప్పుకోలేదు, ఇంకొకసారి చేయించమన్నాడు. అత్త సరేనంది. ఈసారి కూడా లేదంటే పుట్టింటికి పోయి, పని చేసుకునే ఒళ్లు వచ్చాకనే తిరిగి రావాలని చెప్పింది. మరిది తల వంచుకొని విన్నాడు. పుట్టింట్లో ఆమెకు ఉన్నది కూలికి పోయే తల్లి ఒక్కతే. రోగం లేదని పంపేసిన మనిషికి అక్కడ మందు ఇప్పించేదెవరు? ఆ పురుగు కనబడకపోతే ఆమెకు మందూ లేదు, ఇల్లూ లేదు. ఒక మనిషికి టీబీ ఉందని తేలితే బాగుండునని నేను ఎదురుచూడడం అదొక్కసారే.

మగవాళ్లు విత్తనం పనిలో ఉన్నారు కాబట్టి ఈసారి నేను తోడుపోయాను. నంద్యాల ఆసుపత్రిలో పరీక్షల గది వెనకవైపు ఉండేది. లోపలున్న ఆయన నడివయసు మనిషి. మూతి వెడల్పాటి సీసా ఒకటి ఇచ్చి, దాని ఒంటి మీద పేరు రాసిన కాగితం అంటించి, పక్కకు పోయి దగ్గి తెమ్మన్నాడు. ఆమె పోయి వచ్చింది. ఆయన సీసాను వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ వంచాడు.

"ఇది ఉమ్మినీళ్లమ్మా. పోయినసారి కూడా ఇదే ఇచ్చింటావ్. ఉమ్మిలో ఏం కనబడతాది? రొమ్ము లోపల్నుంచి రావాల, చిక్కగా."

ఎట్లా దగ్గాలో ఆయనే చేసి చూపించాడు. నోట్లో ఉత్తనీళ్లు పోసుకొని పుక్కిలించాలి. రొమ్ము నిండా గాలి పీల్చి పట్టి వదలాలి. మళ్లీ పీల్చి, కడుపులో నుంచి దగ్గాలి. ఆయన దగ్గిన దగ్గుకు చెట్టు కింద కూర్చున్న మగవాళ్లంతా తిరిగి చూశారు. మాకు వచ్చిన చిక్కే అది.

"ఆడ అంతమంది మగోళ్లు ఉండారక్కా," అంది తోడికోడలు.

వాళ్లు నీకేమవుతారని కసిరాను. పోయి గోడ పక్కన నిలబడి మళ్లీ ప్రయత్నం చేసింది. గాలి పీల్చేదాకా బాగానే ఉంది, దగ్గు వచ్చే గడియకు చెయ్యి తనంతట తనే కొంగును నోటి దగ్గరికి తెచ్చింది. ఉత్త సిగ్గే అయితే తిట్టి పోగొట్టేదాన్ని. ఏండ్ల తరబడి అణచి అణచి ఆమె గొంతే అట్లా అలవాటు పడిపోయింది.

ఆయన విసుక్కోలేదు. రాత్రంతా లోపల పేరుకున్న కఫం తెల్లవారి లేవగానే బాగా వస్తుందని, ఇంటి దగ్గర పట్టి అదే రోజు తెమ్మని ఇంకొక సీసా ఇచ్చాడు. సీసా బయట ఒలకకూడదు, మూత గట్టిగా బిగించాలి, ఎండ తగలనీయకూడదు. ఇంట్లో మంచి గాజు సీసా ఉంది, ఇది మీ దగ్గరే ఉంచుకోండని అన్నాను. దాంట్లో ఇంతకుముందు ఏమేమి పోశారో నాకు తెలియదు, దీంట్లోనే తెమ్మన్నాడు.

మర్నాడు తెల్లవారగానే ఆమె సీసా పట్టుకొని దొడ్లో పేడదిబ్బ పక్కన కూర్చుంది. అప్పుడే వసారాలో మామ మంచం కిర్రుమంది. ఆమె మూత తెరవకుండానే లేచి వచ్చేసింది. అత్త చూసి, ఆ సీసాలో నింపడానికి కూడా మనిషిని పెట్టాలేమో అంది.

ఆరోజు మేమిద్దరం కలుపుకు పోయాం. దారిలో ఒక రైతు మిరపతోటకు బావి మీద ఆయిలింజను పెట్టి నీళ్లు పారిస్తున్నాడు. ఇంజను పక్కనుంచి పోతూ, గట్టు జారుడుగా ఉంది చూసి నడువమని ఆమెతో అన్నాను. ఆమె తిరగలేదు. గట్టిగా అరిచినా తిరగలేదు. నాకు ముందు కోపం వచ్చింది. నాలుగు అడుగులు పోయాక వేరే ఆలోచన వచ్చింది.

మర్నాడు మసక వెలుతురులోనే చెంబులు పట్టుకొని బయలుదేరాం. పొద్దున్నే ఆడవాళ్లు చెంబు పట్టుకొని పొలాల వైపు పోతుంటే ఎక్కడికని ఎవరూ అడగరు. సీసా ఆమె చెంబులో ఉంది. ఆ రైతు ఇంజను తిప్పి, నీళ్లు మళ్లించే మడవలు మార్చడానికి పార భుజాన వేసుకొని చేను చివరికి పోయేదాకా జొన్నచేను చాటున నిలబడ్డాం. తర్వాత ఆమెను ఇంజను పక్కకు తీసుకుపోయి, చెంబులో నీళ్లతో నోరు పుక్కిలించమన్నాను.

"ఇప్పుడు దగ్గు," అన్నాను. వినబడలేదు. చేత్తో సైగ చేశాను. కొంగు లాగి ఆమె నడుముకు చెక్కాను.

ఆమె చుట్టూ ఒకసారి చూసి గాలి పీల్చింది. నోరు తెరిచి దగ్గడం ఆ ఇంట్లో కాపురానికి వచ్చాక అదే మొదటిసారి అయి ఉంటుంది. నేను అటు తిరిగి దారి కాపలా నిలబడ్డాను. ఇంజను చప్పుడు తప్ప నాకేమీ వినబడలేదు. కాసేపటికి భుజం మీద చెయ్యి పడింది. చూస్తే ఆమె కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, ఒళ్లంతా చెమట. సీసా అడుగున చిక్కగా, పచ్చగా ముద్ద ఉంది. దాంట్లో దారం పోగంత ఎరుపు. ఆ ఎరుపు చూసి ఆమె బెదిరింది. నేను మూత బిగించాను.

పాత రవిక గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టుకొని ఇద్దరం బస్సెక్కాం. డబ్బా ఒళ్లో నుంచి దించలేదు. నా పక్కన కూర్చున్న ఎవరో ముసలామె చాలాసేపు దాన్నే చూసింది.

"నెయ్యా అమ్మా?"

"కాదు."

"మరి అంత భద్రంగా పట్టుకోని కూర్చున్యావే?"

ఒలికితే మళ్లీ రావడం కష్టమన్నాను. ముసలామె తేనె అనుకుందో ఏమో, కిటికీ వైపు తిరిగింది.

పరీక్షల గది ఆయన మూత తీసి చూసి తల ఊపాడు. నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఆయన చీపురు పుల్ల విరిచి, ఆ కొసతో పచ్చటి ముద్దను తీసి గాజు పలక మీద పలచగా పూశాడు. పుల్లను అవతల పారేయకుండా మందునీళ్ల డబ్బాలో వేశాడు. పలక ఆరాక దీపం మంట మీద అటూ ఇటూ తిప్పాడు. దాని మీద ఎర్రరంగు పోసి, కింద సెగ పెట్టి, ఆవిరి లేచేదాకా కాచాడు. కడిగాడు. యాసిడ్ పోశాడు, ఎరుపంతా వెలిసిపోయింది. చివర నీలం రంగు పోశాడు. యాసిడ్ పోసినా ఎరుపు వదలకుండా పట్టుకొనేది ఆ పురుగేనట. నీలం మీద ఎర్ర నూలు ముక్కల్లాగా కనబడుతుందట.

తర్వాత గొట్టంలో కన్ను పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. తోడికోడలు మెట్ల మీద కూర్చొని కాలి మెట్టెను తిప్పుకుంటోంది. ఆయన బయటికి వచ్చాడు.

"ఉండాదమ్మా. బాగానే ఉండాది," అన్నాడు. సీసా చుట్టి తెచ్చిన గుడ్డను కాల్చేయమని కూడా చెప్పాడు. ఉడకబెట్టి వాడుకుంటే సరిపోదా అన్నాను. కాల్చేయమన్నాడు. కాల్చాను.

ఆమె ఏడవలేదు. బస్సు కదిలాక ఒకే మాట అంది.

"అత్తతో నువ్వే చెప్పక్కా. నేను చెప్తే నమ్మదు."

చెప్పాను. అత్త చీటీ చదవమని అడగలేదు. పోయినసారి లేనిది ఇప్పుడు యాడ నుంచి వచ్చిందంది. పోయినసారి ఇచ్చింది ఉత్త ఉమ్మి అని, ఇంట్లో దగ్గలేక ఇంజను దగ్గరికి తీసుకుపోయానని చెప్పాను. అత్త చేటలో బియ్యం వంక చూస్తూ కూర్చుంది. మామ వసారాలో అంతా విన్నాడు.  సాయంత్రం తన మంచం ఎత్తుకుపోయి సందు అవతల గొడ్ల కొట్టంలో వేసుకున్నాడు. పడుకోవడానికి అక్కడ గాలి బాగుందన్నాడు.

సూదులు, మాత్రలు మొదలయ్యాయి. ఉమ్మడానికి బూడిద పోసిన మూకుడు ఒకటి పెట్టాం. ఆమె పిల్లవాడు అన్నాళ్లూ నా దగ్గర పడుకున్నాడు. మందు మింగినన్నాళ్లూ మధ్యమధ్యలో కఫం తీసుకుపోయి చూపించుకోవాలి, పురుగు చచ్చిందా లేదా అని. ఎండాకాలం దాటేసరికి ఆమె రోకలి ఆపకుండా దంచేది. దగ్గు పలచబడింది. కఫం ఇవ్వాల్సిన రోజు ఆమె దొడ్లో నిలబడి గాలి పీల్చి, గొడ్లు తలెత్తి చూసేట్లు దగ్గింది. ఎంత దగ్గినా తెల్లటి నురగే పడుతోంది. లోపల ఇంక లేదని నాకు అర్థమైంది. అత్తకు కాలేదు. వంటింట్లో నుంచి తల బయటికి పెట్టింది.

"గట్టిగా దగ్గు మే. మల్లా ఉమ్మి పట్టుకోని పోతావు."