సత్తిరాజు గారు వేసిన తాళం

రావులపాలెంలో అరటిగెలల మార్కెట్టు వెనక సందులో సత్తిరాజు గారి వీడియో షాపు ఉంది. ఇప్పుడక్కడ పాస్‌పోర్టు ఫొటోలు తప్ప పెద్దగా పనేం లేదు కానీ, డీవీడీల రోజుల్లో ఆయన కెమెరా రాందే చుట్టుపక్కల ఏ పెళ్ళీ కదిలేది కాదు. పెళ్ళికి ఒకే డిస్కు ఇచ్చేవారు. దానికి కాపీ తియ్యడానికి వీల్లేకుండా తాళం. ఆడపడుచుకొకటి, మేనత్తకొకటి కావాలంటే మళ్ళీ ఆయన గుమ్మమే ఎక్కాలి.

"టీవీలో ఎన్నిసార్లయినా చూసుకోండి. కంప్యూటర్లో పెట్టి కాపీ తియ్యమనండి, చూద్దాం!" అని మీసం దువ్వేవారు.

అలాంటి తాళాలు తీసే సాఫ్ట్‌వేర్ ఎదురు సెల్‌షాపు ఎజ్రా దగ్గరుందని తెలిసిన రోజున, అతన్ని నడిరోడ్డు మీద "దొంగ" అన్నారు. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

మొన్న టీచరు రూతు తన పెళ్ళి డిస్కు పట్టుకొచ్చింది.

"అమ్మ పోయిందండి. నా పెళ్ళికి చర్చిలో పాడింది కదా, ఆవిడ గొంతు ఇందులో తప్ప ఇంకెక్కడా లేదు. రేపు జ్ఞాపకార్థ కూడికలో వినిపించాలండి. ఫోన్లోకి ఎక్కించరూ?"

"అదెంతసేపమ్మా!"

కంప్యూటరు మొరాయించింది. కెమెరాలో వాడిన అసలు క్యాసెట్టు మీద ఎప్పుడో ఇంకో పెళ్ళి షూట్ చేసేశారాయన. తాళం వెయ్యడమంటే ఆయనకు తెలిసింది ఒక గడిలో టిక్కు పెట్టడమే. తియ్యడం ఎవరూ నేర్పలేదు, ఆయన అడగనూ లేదు. టీవీలో ఆడించి, ఫోన్‌తో రికార్డు చేసి వినిపించారు.

"అమ్మ నూతిలోంచి పాడుతున్నట్టుందండి," అంది రూతు, కళ్ళు తుడుచుకుంటూ.

సత్తిరాజు గారు కాసేపు డిస్కు కేసి, కాసేపు ఎదురు షాపు కేసి చూశారు. చెప్పులేసుకుని, రూతుని తీసుకుని రోడ్డు దాటారు.

"రండి రండి," కుర్చీ జరిపాడు ఎజ్రా. "ఎవరు వేసిన తాళమండి?"

"నేనేనండి."

"తీస్తే దొంగతనం కింద రాదు కదండీ?"

"ముందు పని చూడండి బాబూ!"

ఎజ్రా టీలు చెప్పాడు. టీలు వచ్చేలోపే తాళం ఊడింది.

"అంత తొందరగానా?" ఆయన మొహం చిన్నబోయింది. "గట్టిదే వేశాననుకున్నానే!"

పాట మొదలైంది. పక్కన నిలబడి పాడినట్టుంది గొంతు. రూతు చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇంతలో తెర మీద గులాబీ రేకులు రాలాయి. వాటి వెనకే 'సత్తిరాజు వీడియోస్' అన్న ఎర్రక్షరాలు, ఫోన్ నంబరుతో సహా, పాడుతున్న ఆవిడ మొహం మీదుగా తీరిగ్గా నడవడం మొదలెట్టాయి. ఎంతకీ పోవే!

"ఎజ్రా గారూ," అన్నారు సత్తిరాజు గారు గొంతు తగ్గించి. ఆ పేరుకు 'గారు' తగిలించడం అదే మొదలు. "దీన్ని తీసే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందాండి?"

"దానికి లేదండి. అది మాత్రం మీరు గట్టిగానే వేశారు."

ఏడుస్తున్న రూతు ఫక్కున నవ్వింది.