కమాను మీద పగులు

రాజోలు దగ్గర ఓ లంక గ్రామంలో క్రైస్తవుల రాతిగుడి ఉంది. ఇంగ్లీషు దొరలు తమ ఊరి గుడి నమూనాలోనే దాన్ని కట్టించారు. కోసుగా పైకి లేచిన కిటికీలు, టేకు దూలాల మీద ఏటవాలు కప్పు, పడమటి కొసన గంట గోపురం. జనం కూర్చునే చోటుకీ బలిపీఠానికీ మధ్య మూడు నిలువుల ఎత్తు రాతి కమాను. ఆ గుడి ఊడ్చే పని పన్నెండేళ్ళుగా కృపావతిది.

1979 ఆగస్టులో ఒక శనివారం, ఊడ్చిన చోటే మళ్ళీ సున్నపు పొడి కనిపించింది. తలెత్తి చూస్తే కమాను నడినెత్తిన వెంట్రుక మందాన పగులు. మర్నాడు దాని కిందే ముందు బల్ల మీద పిల్లలు పాడుతుంటే ఆమె చెవికి పాట ఎక్కలేదు.

సంఘపెద్ద ప్రభాకరరావు గారికి చెప్పింది. ఆయన నవ్వేశారు.

"తొంభై ఏళ్ళ కట్టడం కృపమ్మా. మొన్నటి గాలివానకే చెక్కు చెదర్లేదు. లేనిపోని భయాలెట్టుకోకు."

"ఆయ్," అని వచ్చేసింది గానీ, ఆ సంగతి అంతటితో వదల్లేదు.

ఆమె తండ్రి తాపీమేస్త్రీ. పగులు పెరుగుతోందో లేదో తెలియాలంటే అడ్డంగా సున్నం పట్టీ వేసి చూడమనేవాడు. సోమవారం వెదురు నిచ్చెన వేసుకుని ఎక్కి పట్టీ రాసింది. శుక్రవారం మళ్ళీ ఎక్కి చూస్తే పట్టీ రెండు ముక్కలైంది. పగులులోకి చిటికెనవేలి గోరు దూరింది.

ఆదివారం పొద్దున్నే తలుపులకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని మెట్ల మీద కూర్చుంది.

"తలుపు తియ్యి," అన్నారు ప్రభాకరరావు గారు, అందరి ముందూ.

"తియ్యనండి. పనిలోంచి తీసేసినా సరేనండి. పిల్లల్ని దాని కింద కూర్చోనివ్వను."

గట్టిగానే అంది గానీ, ఆ పగులు ఉత్తిదే అయితే రేపు ఊళ్ళో తలెత్తుకోవడం ఎలా?

పాస్టరు జ్ఞానప్రకాశం గారు ఆమె మొహం చూసి, "ఈ వారం కొబ్బరిచెట్ల కింద ఆరాధన చేసుకుందామండి. రేపు మేస్త్రీని పిలిపిద్దాం," అన్నారు.

మేస్త్రీ మత్తయి ఎక్కి చూసి గబగబా దిగేశాడు. "నీళ్ళు దిగి దూలం కుళ్ళిపోయిందండి. కప్పు బరువంతా కమాను మీదే పడతంది. లోపలికెవర్నీ రానివ్వకండి."

బుధవారం మధ్యాహ్నం, ఊతానికి తెచ్చిన దుంగలు ఇంకా బండి దిగకముందే కమాను కూలింది. దుమ్ము తగ్గాక చూస్తే, ముందు బల్ల ముక్కలై రాళ్ళ కింద ఉంది. ప్రభాకరరావు గారి చిన్నమ్మాయి విజయకుమారి ప్రతి ఆదివారం కూర్చునేది ఆ బల్ల మీదే. ఆయన కృపావతి వైపు తిరిగి చేతులు జోడించారు.

అప్పటిదాకా నిలబడ్డ కృపావతి గడ్డిలో చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

మరుసటేడు మత్తయి కొత్త కమాను కట్టాడు. మొదటి ఆరాధనకు కృపావతి తలుపు పక్కనే కూర్చుంది. ముందుకు రమ్మని ఎందరు పిలిచినా, "ఇక్కడ బానే ఉందండి," అంది, కమాను నడినెత్తి మీంచి చూపు తిప్పకుండా.